బల్ల మీద మోగిన జవాబు: కళాకారులతో సంభాషణలు జరిపేవారికి ఒక బహిరంగ లేఖ

స్థానిక సంగీతకారులతోనూ, ఇతర కళాకారులతోనూ, తమ చుట్టూ ఉన్న నలుగురి కోసం పాటుపడే పెద్దలతోనూ మాట్లాడి, ఆ మాటలను రేడియోలోనో, పాడ్‌కాస్ట్‌గానో, వీడియోగానో అందరికీ వినిపిస్తున్న మిత్రులకు నమస్కారాలు.

మీరు నన్ను ఎరగరు. నేను మాత్రం మీలో చాలామందిని గొంతు విని గుర్తుపట్టగలను. రికార్డయిన సంభాషణలను హెడ్‌ఫోన్ తగిలించుకుని విని, అక్షరం పొల్లుపోకుండా రాతలోకి దించడం నా వృత్తి. గంటసేపు సాగిన మాటను రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా, మధ్యలో పాట వచ్చినా ఇంకా ఎక్కువే పడుతుంది. ఒకే వాక్యాన్ని నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి వినడం అలవాటైన వాళ్లకు, ఏ ప్రశ్న దగ్గర మనిషి గొంతులో ప్రాణం వచ్చిందో, ఏ ప్రశ్నకు ఎప్పుడూ చెప్పే జవాబే మళ్లీ వచ్చిందో తెలిసిపోతుంది. ఆ అనుభవం ఇచ్చిన చనువుతో, మీ పని మీద ఉన్న గౌరవంతో ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే: కళాకారులను వారి పని గురించి అడగండి, ఆ పని గురించి వారు చెప్పినదాన్ని, చేసి చూపినదాన్ని పూర్తిగా నిలపండి.

ఈ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే, కొన్నేళ్ల క్రితం నా చేతికి వచ్చిన ఒక రికార్డింగు గురించి చెప్పాలి. చర్మవాద్యం వాయించే ఒక పెద్దాయనతో గంటన్నర సంభాషణ అది. మొదటి నలభై నిమిషాలు పుట్టిన ఏడాది, తొలి కచేరీ, అందుకున్న సన్మానాలు, పిల్లలు ఈ రంగంలోకి వచ్చారా లేదా అన్న ప్రశ్నలతో గడిచాయి. ఆయన మర్యాదగా, కాస్త అలసటగా జవాబులు చెప్పుకుపోయారు. అంతలో బయట వాన మొదలైంది కాబోలు, అడుగుతున్నావిడ యథాలాపంగా, ‘ఇలా ముసురు పట్టినప్పుడు వాయిద్యం మీ మాట వింటుందా అండీ?’ అన్నారు. పెద్దాయన గొంతు అక్కడ మారిపోయింది. ‘వినదమ్మా’ అన్నారు. ‘చెమ్మకు చర్మం వదులైపోతుంది. అప్పుడు దెబ్బ ఇక్కడ పడితే నాదం చచ్చిపోతుంది. ఇదిగో, ఇక్కడ పడాలి. వేలు ఇలా కాదు, ఇలా.’ ఒక్కో ‘ఇక్కడ’కూ ఒక్కో దెబ్బ. ఎదురుగా ఉన్న బల్లనే వాయిద్యంగా చేసుకుని ఆయన చూపిస్తున్నారు. బల్ల నడుమ పడిన దెబ్బకూ, అంచు మీద పడిన దెబ్బకూ ఉన్న తేడా నాకు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత మాటలు ఆపేసి, ఒకే జతిని రెండుసార్లు వాయించారు. మొదటిది ఎండకాసే రోజుది, రెండోది వాన రోజుది.

‘చాలా బాగుందండీ, మరి ఇన్ని అవార్డుల్లో మీ మనసుకు బాగా దగ్గరైనది ఏది?’ అన్నది ఆ వెంటనే వచ్చిన ప్రశ్న.

ప్రసారమైన సంభాషణను తర్వాత విన్నాను. మైకు బల్ల మీదే ఉండటంతో ఆ దెబ్బలు మరీ పెద్దగా, గరుకుగా రికార్డయ్యాయి. ఎడిటింగు చేసినవారు వాటిని అనవసరమైన చప్పుడు అనుకుని తీసేశారు. చప్పుడు పోయాక ‘ఇక్కడ కాదు, ఇక్కడ’ అన్న మాటలకు అర్థం మిగలదు కనుక వాటినీ తీసేశారు. అవార్డుల గురించిన జవాబును మాత్రం ఉంచారు. ఒక మనిషి ఏళ్ల తరబడి వానల్లో నేర్చుకున్నది అంతా ఆ నిమిషంలో ఉంది, ఆ నిమిషమే పోయింది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది.

ఆవిడను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నిజానికి ఆ గంటన్నరలో అన్నిటికంటే మంచి ప్రశ్న అడిగింది ఆవిడే. అది మంచి ప్రశ్న అని ఆవిడకు తెలియలేదు, అంతే. ముందుగా రాసుకున్న కాగితంలో ఆ ప్రశ్న లేదు, అవార్డుల ప్రశ్న ఉంది. అక్కడ కాగితాన్ని పక్కన పెట్టి, ‘అంటే నడుమ కాకుండా అంచుకు దగ్గరగా, వేలి కొసతో కాకుండా వేలు మొత్తం ఆనించి కొట్టారన్నమాట, అవునా?’ అని ఒక్క మాట అని ఉంటే, కళ్లకు కనబడింది చెవికి కూడా అందేది. రికార్డింగులో చెయ్యి కనబడదు. వీడియోలోనైనా కెమెరా ఎక్కువసేపు ముఖం మీదే ఉంటుంది. అతిథి చేతులతో చెప్పినదాన్ని మాటల్లోకి తెచ్చి నిర్ధారించుకోవడం ప్రశ్న అడిగేవారి బాధ్యతల్లో మొదటిదని నా అభిప్రాయం. అసలు ఆయనను వాయిద్యంతో సహా రమ్మని, దానికి వేరే మైకు పెట్టి ఉంటే బల్లతో పనే ఉండేది కాదు.

‘మీ ప్రయాణం గురించి చెప్పండి’ అన్న ప్రశ్నను నేను టైపు చేసినన్ని సార్లు మరే ప్రశ్ననూ టైపు చేయలేదు. దాని వెనక ఆదరం ఉందని తెలుసు. కానీ కొంతకాలంగా వేదికల మీద ఉన్న ఏ కళాకారుడి దగ్గరైనా ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది: చిన్నప్పుడు విన్న పాట, ఇంట్లో వద్దన్న పెద్దలు, ఆదుకున్న గురువు, తొలి చప్పట్లు. అందులో అబద్ధం లేదు. ఎన్నోసార్లు చెప్పడం వల్ల అది నున్నబడిపోయింది, అందుకే అందులో మనకు పట్టు దొరకదు. ఒకే గాయనితో మూడు వేర్వేరు చోట్ల, మూడు వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన సంభాషణలను నేను రాతలోకి దించాను. ప్రయాణం గురించిన భాగం మూడింటిలోనూ దాదాపు ఒకే వాక్యాలతో ఉంది. మూడోదానిలో మాత్రం ఒకరు, ‘ఇప్పుడు పై స్థాయి అందనప్పుడు ఏం చేస్తారమ్మా?’ అని అడిగారు. అడగడానికి కొంచెం ధైర్యం కావలసిన ప్రశ్న అది. ఆవిడ నొచ్చుకోలేదు. శ్రుతి ఎంత తగ్గించారో, తగ్గించాక కొన్ని పాటలు మూలుగుల్లా వినిపిస్తే వాటిని ఎందుకు వదిలేశారో, పై స్వరం దగ్గర గొంతు ఆగిపోతుందని తెలిసి ముందు స్వరం మీదే ఎక్కువసేపు నిలిచి, వినేవాళ్లే ఆ పై స్వరాన్ని మనసులో పాడుకునేలా ఎలా చేస్తారో, పాడుతూ, ఆగుతూ ఇరవై నిమిషాలు చెప్పారు. సంగీతం నేర్చుకునేవారికి ఆ ఇరవై నిమిషాలు ఒక పాఠం. నాలాంటి మామూలు శ్రోతకు కూడా, వయసును ఎదుర్కోవడం అంటే ఏమిటో ఏ జీవితగాథా చెప్పలేనంత బాగా అవి చెప్పాయి.

పని గురించి అడిగితే జీవితం దానంతట అదే వస్తుంది. చిత్రకారుణ్ణి ‘మీకు స్ఫూర్తి ఎవరు?’ అని అడిగితే రెండు పేర్లు వస్తాయి. ‘ఈ బొమ్మలో మీరు వేసి చెరిపేసింది ఏది?’ అని అడిగితే ఆ బొమ్మ వెనకున్న రాత్రులన్నీ వస్తాయి. వాయిద్యాలు బాగుచేసే మనిషిని, ఏ వాయిద్యాన్ని ఇక బాగుచేయలేనని తిప్పి పంపించారో అడిగి చూడండి. బృందంలో రెండో వరుసలో వాయించే వ్యక్తిని, ముందు వరుసలోని వాళ్లు తాళం తప్పినప్పుడు తాను ఏం చేస్తారో అడగండి. ఆ రెండో వరుసలోని వ్యక్తిని ఎవరూ పిలవరన్నది వేరే సంగతి. పిలిచినవారు దొరికితే వాళ్ల రికార్డింగు నేను డబ్బు తీసుకోకుండా రాసిపెడతాను.

ఇలా అడిగితే ఎంత దక్కుతుందో చూపే ఉదాహరణ 1938లోనే ఉంది. ఆ సంవత్సరం మే నెలలో వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చెందిన సభామందిరంలో, జానపద సంగీతాన్ని సేకరించే, అప్పటికి 23 ఏళ్ల వయసున్న అలన్ లోమాక్స్, జాజ్ పియానో కళాకారుడు జెల్లీ రోల్ మోర్టన్‌తో సంభాషణ మొదలుపెట్టాడు. మోర్టన్ పేరు అప్పటికే మసకబారింది. పరిశోధకుల కోసం చిన్న సంభాషణ, కొన్ని సంగీత నమూనాలు చాలనుకున్నది చివరికి ఎనిమిది గంటలు దాటింది. అందులో ముఖ్యమైన ఏర్పాటు ఒక్కటే: మోర్టన్ పియానో ముందు కూర్చున్నాడు. మాట్లాడుతూ, మాట కింద మెల్లగా వాయిస్తూ, చెప్పలేనిచోట మాట ఆపి వేళ్లతో చెప్పాడు. ఒక పాత నాట్య సంగీతంలోని భాగాలను ఒక్కొక్కటిగా వాయించి, అదే జాజ్‌గా ఎలా మారుతుందో చూపించాడు. జాజ్‌ను పుట్టించింది తానేనని ఆయన చెప్పుకున్న మాటను చరిత్రకారులు ఒప్పుకోరు. కానీ ఆ వేళ్లు చూపించినదాన్ని సంగీతం చదువుకునేవారు ఈనాటికీ ముందు పెట్టుకుని వింటున్నారు. మోర్టన్ 1941లో చనిపోయారు. ఆ రికార్డింగులు మొత్తంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది 2005లో. ఒక మనిషి తన గురించి చెప్పుకున్నదాంట్లో అతిశయోక్తి ఉండవచ్చు, మరపు ఉండవచ్చు. చేతులకు అవి తక్కువ. అందుకే పని గురించి అడగమని ఇంతగా ప్రాధేయపడుతున్నాను.

ఆ ఎనిమిది గంటలను అరగంటకు కుదించి మిగతాది పారేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీరు ప్రసారం చేసేది ముప్పై నిమిషాలే కావచ్చు, అందులో తప్పేమీ లేదు. వినేవారి సమయానికి విలువ ఇవ్వాలి. మిగిలిన గంటను మాత్రం దయచేసి చెరపకండి. మెమరీ కార్డులో చోటు లేదనో, కంప్యూటరు నిండిపోయిందనో అసలు ఫైలు తీసేశామని చెప్పినవారు నాకు చాలామంది తెలుసు. ఇందులో పెద్ద సంస్థలు కూడా తక్కువేమీ చేయలేదు. బీబీసీలో 1942లో మొదలై నేటికీ నడుస్తున్న ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ అనే సంభాషణల కార్యక్రమంలో తొలి దశాబ్దాల ప్రసారాలు చాలావరకు దాచిపెట్టలేదు. పోయాయనుకున్నవాటిలో 90కి పైగా 2022లో మళ్లీ దొరికాయంటే, రికార్డింగులు సేకరించే ఒక అభిమాని శ్రమ వల్లే దొరికాయి.

ఇంటర్నెట్‌లో పెట్టాం కనుక భద్రంగా ఉందని అనుకోవడం మరో పొరపాటు. ఎందరో స్థానిక సంగీతకారులు తమ పాటలను నమ్మకంగా దాచుకున్న మైస్పేస్ అనే వెబ్‌సైటు, 2003 నుంచి 2015 వరకు తన దగ్గరికి చేరిన సంగీతమంతా సర్వర్లు మార్చే పనిలో పోయిందని 2019లో ఒప్పుకుంది. పన్నెండేళ్ల పాటలవి, వాటిలో ఎన్నింటికో మరో ప్రతి ఎక్కడా లేదు. అయస్కాంత టేపుల మీద ఉన్నవాటికి ముప్పు ఇంకా దగ్గరగా ఉంది. టేపు బాగానే ఉన్నా, దాన్ని మోగించే యంత్రాలూ, వాటి విడిభాగాలూ, బాగుచేసే నిపుణులూ దొరకని రోజు 2025 నాటికి వస్తుందని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. మీ పాత క్యాసెట్లు అట్టపెట్టెల్లో ఉంటే, ఈ లేఖ చదవడం ఆపి వాటిని చూసుకున్నా నాకు సంతోషమే.

దాచే పద్ధతి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కుదించిన ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో రికార్డు చేయండి. ధ్వని భాండాగారాల (రికార్డింగులను భద్రపరిచే సంస్థల) అంతర్జాతీయ సంఘం కనీస ప్రమాణంగా సూచించేది అదే. మూడు ప్రతులు ఉంచండి, వాటిని రెండు రకాల సాధనాల మీద ఉంచండి, ఒకటి వేరే చోట ఉంచండి. ఫైలు పేరులో తేదీ, మాట్లాడినవారి పేరు ఉండాలి. ‘ఫైనల్ కొత్తది 2’ అన్న పేరుతో వచ్చిన ఫైలులో మాట్లాడుతున్నది ఎవరో తెలుసుకోవడానికి నేను ఒకసారి రెండు రోజులు తిరిగాను. చివరికి తెలియలేదు, ‘పురుష స్వరం’ అని రాసి ఇచ్చాను. మంచి గొంతు అది. ఎవరిదో చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇక ఒక కఠినమైన విషయం. సంభాషణ ముగిసిందనుకుని వైర్లు చుడుతున్నప్పుడు మనిషి తేలికపడతాడు, మాట తేలికపడుతుంది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. అలాంటి వేళ ఒక కళాకారిణి, కాలంచేసిన తన గురువు గురించి, ప్రేమా కోపమూ కలిసిన ఒక వాక్యం అన్నారు. దానికి ముందూ వెనకా పది నిమిషాల కృతజ్ఞత ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి, అర నిమిషం వీడియోగా చేసి, ఎర్ర అక్షరాల శీర్షికతో వదిలారు. పూర్తి సంభాషణ విన్నవారు కొద్దిమంది, ఆ ముక్క చూసినవారు ఎందరో. ఆవిడ తోటి శిష్యులు ఆవిడతో మాట్లాడటం మానేశారని తర్వాత తెలిసింది. ఆవిడ సంభాషణలకు ఒప్పుకోవడమే మానేశారు. ఆవిడ దగ్గర ఎంత పని, ఎంత జ్ఞానం ఉందో ఆ రికార్డింగు పూర్తిగా విన్నందువల్ల నాకు తెలుసు. అదిక ఎవరికీ చేరదు. ఆ శీర్షిక పెట్టినవారికి ఆ వారం చూసినవారి సంఖ్య పెరిగి ఉంటుంది. దానికి చెల్లించిన మూల్యం మాత్రం వారిది కాదు.

అందుకే అనుమతి అంటే మొదట్లో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మాత్రమే అని అనుకోవద్దని కోరుతున్నాను. సంభాషణ పూర్తయ్యాక, ‘ఇందులో బయటికి రాకూడదనుకున్నది ఏమైనా ఉందా?’ అని అడగండి. రెండు రోజుల తర్వాత మళ్లీ అడగండి, ఎందుకంటే మాట అన్న రోజున దాని బరువు తెలియదు. రికార్డింగు పూర్తి ప్రతిని వారికి ఇవ్వండి. పాడిన పాట, వాయించిన జతి వారివే. వాటిని మరోచోట వాడాలంటే మళ్లీ అడగాలి. మనసు ఇంకా ఒప్పుకోని భాగాలను, చెరిపేయకుండానే, వారు చెప్పినన్నాళ్లు మూసి ఉంచవచ్చు. భాండాగారాల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

మొదటి క్షేత్ర రికార్డింగులను, అంటే పాడేవారు ఉన్న చోటికే వెళ్లి చేసినవాటిని, గుర్తుచేసుకుంటే ఈ మాట ఎంత పాతదో తెలుస్తుంది. 1890లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమకాడి ఆదివాసుల పాటలనూ, కథలనూ ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు సిలిండర్ల మీద పట్టాడు. ఒక్కో సిలిండరులో పట్టేది రెండు మూడు నిమిషాలే. అవి పాడినవారి ఊళ్లకు దూరంగా, సంస్థల బీరువాల్లో దశాబ్దాల పాటు ఉండిపోయాయి. నూరేళ్లు దాటాక, వాటికి ఏ పేర్లు ఉండాలో, వాటిని ఎవరు ఎలా వాడుకోవాలో పాసమకాడి ప్రజలే నిర్ణయించి రాసేలా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారితో కలిసి ఏర్పాటు చేసింది. ఆ ముత్తాతల గొంతులు విని వారి మునిమనవలు ఇప్పుడు మళ్లీ ఆ పాటలు నేర్చుకుంటున్నారు. మీరు రికార్డు చేసినవారి ఇంటికి ప్రతిని పంపడానికి మీకు కావలసింది ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం.

సంగీతకారుల గురించే ఎక్కువ రాశాను. నేను ఎక్కువగా విన్నది వారినే. సమాజంలో పనిచేసే పెద్దల విషయంలో ఒక్క సంగతి చెప్పాలి. జవాబు ఎలా వస్తుందన్నది ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. 1930లలో అమెరికాలో, ఒకప్పుడు బానిసలుగా బతికినవారి జ్ఞాపకాలను ప్రభుత్వ పథకం కింద రెండు వేలకు పైగా సేకరించారు. చార్ల్‌స్టన్ నగరంలోని ఒక వృద్ధురాలితో ఆ పథకం తరఫున ఇద్దరు వేర్వేరుగా మాట్లాడారు. శ్వేతజాతి స్త్రీ అడిగినప్పుడు యజమాని మంచివాడని చెప్పిన ఆమె, నల్లజాతి పురుషుడు అడిగినప్పుడు కొరడా దెబ్బల గురించీ, తల్లుల నుంచి విడదీసి అమ్మేసిన బిడ్డల గురించీ చెప్పింది. ఒకే మనిషి, ఒకే జీవితం. దీన్నిబట్టి, పెద్దవారిని ప్రశ్నించడానికి ఎప్పుడూ మీరే కూర్చోవలసిన పని లేదని నాకు అనిపిస్తుంది. 2003లో అమెరికాలో మొదలైన, మామూలు మనుషుల సంభాషణలను రికార్డు చేసే స్టోరీకార్ప్స్ సంస్థ పద్ధతి ఇందుకు నచ్చుతుంది: ఒకరినొకరు ఎరిగిన ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడుకోనిస్తారు. ఒక గ్రంథాలయాన్ని నడిపిన మనిషిని, అక్కడ చదువుకుని పెద్దయిన వ్యక్తి అడిగితే, వేడుకల గురించి కాకుండా పుస్తకాలు తిరిగి రాని రోజుల గురించి మాట వస్తుంది. మీరు మైకులు సరిచూసి, పక్కన కూర్చుని వినండి.

బల్ల మీద వాయించిన ఆ పెద్దాయన సంభాషణకు నేను రాసిన ప్రతి ఇంకా నా దగ్గర ఉంది. ఆ భాగంలో, ‘బల్ల నడుమ కొట్టారు’, ‘బల్ల అంచున కొట్టారు’, ‘ఒకే జతి రెండుసార్లు, రెండోసారి మెత్తగా, అంచు మీద’ అని వరుసగా రాసుకున్నాను. అంతకుమించి రాయడం నాకు చేతకాలేదు. అసలు రికార్డింగును ఆ తర్వాత చెరిపేశారని విన్నాను. ఆయన ఇంకా వాయిస్తున్నారు. మీలో ఎవరైనా ఆయనలాంటి వారి దగ్గరికి వెళ్తుంటే, వాయిద్యం పక్కన పెట్టమనకండి, దాని ముందు ఒక మైకు, ఆయన ముందు ఒక మైకు పెట్టండి, వాన ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. ఎన్ని గంటల రికార్డింగైనా నాకు పంపండి. నేను రాస్తాను.

ఇట్లు,
మీ మాటలను రాతలోకి దించే ఒక శ్రోత